పాలకొట్టంలో కూర్చున్నవాళ్ళు

పాలకొట్టం నుంచి,
ఎండలు ముదిరిన నెల

తమ్ముడూ,

ఇక్కడ నేనూ ఆవులూ బాగానే ఉన్నాం. ఎర్రావు ఈనింది, పెయ్యదూడ. అయితే ఈ ఉత్తరం దాని గురించి కాదు. నా మీద కేసు పెట్టారు. కంగారుపడి కుట్టుమిషను మీద నుంచి లేవకు, మొత్తం చదివి లే.

వారానికో సాయంత్రం, పాలు పోయించుకుని, క్యాన్లు వ్యానెక్కించి, కొట్టం కడిగాక మావాళ్ళు వచ్చి కూర్చుంటారని నీకు తెలుసు. నువ్వు మూగగుంపు అంటావు. ఊళ్ళో వాళ్ళూ అదే అంటారు, మాకేం పట్టింపు లేదు. బుట్టలల్లే తాత, నర్సమ్మ, బడిపంతులు, ఇటుకబట్టీ వాళ్ళు, ఇంకొందరు. గోనెపట్టాలు పరుచుకుని కూర్చుంటాం. ఎవరూ ఏమీ మాట్లాడరు. అందరిలోకీ పెద్దవాడు పక్కవాళ్ళ చెయ్యి పట్టుకుంటే అయిపోయినట్టు. అంతదాకా నోరు విప్పకూడదు. మాకున్న కట్టుబాటు అదొక్కటే.

మొన్న మేం కూర్చుని ఉండగా పట్టణ అధికారి ఇద్దరు కానిస్టేబుళ్ళను వెంటేసుకుని వచ్చాడు. గుమ్మంలో నిలబడి, "ఏం చేస్తున్నారిక్కడ?" అన్నాడు. ఎవరు చెప్తారు? "మిమ్మల్నే! ఏం చేస్తున్నారు?" అని ఈసారి గట్టిగా అరిచాడు. దూడ బదులు పలికింది. మేం కళ్ళు కూడా ఎత్తలేదు. ఆయనకు ఒళ్ళు మండి, "ఎంతసేపు పలకరో నేనూ చూస్తా" అని అక్కడే నిలబడ్డాడు. నిలబడీ నిలబడీ కాళ్ళు లాగి గడ్డిమోపు మీద కూలబడ్డాడు. కానిస్టేబుళ్ళలో లావాటాయన గోడకి ఆనుకుని నిద్రపోయాడు. తాత చెయ్యి అందించేవేళకి ఆయన గురక పెడుతున్నాడు.

సంగతేమిటంటే, ఈ మధ్య పట్టణసభ ఒక రూలు చేసింది. ఇంట్లో గానీ కొట్టంలో గానీ కొందరు ప్రార్థనకు చేరాలంటే ముందు అనుమతి తీసుకోవాలట. పెద్దమందిరాలకు పాత అనుమతులున్నాయి, వాళ్ళకు చీమ కుట్టినట్టయినా లేదు. మేమూ వెళ్ళి అడిగాం. గుమాస్తా, "మీ దేవుడి బొమ్మ ఏది? లేదు. గ్రంథం? లేదు. గురువు? లేడు. మరి అనుమతి దేనికమ్మా, గోనెపట్టాలకా?" అన్నాడు. నవ్వొచ్చేట్టే అన్నాడు, నేనూ నవ్వాను. అనుమతి మాత్రం ఇవ్వలేదు.

నేరం రుజువైతే కొట్టానికి సీలు వేస్తారు. కొట్టం మూతపడితే అందులో నడిపే పాలకేంద్రం నా చేతుల్లోంచి పోతుంది. అది పోయాక నాకు మిగిలేదేమిటో నీకు తెలుసు. నువ్వు కోర్టు వీధిలో వకీళ్ళ గౌన్లు కుడతావు కదా, వాళ్ళలో మనమాట వినే మనిషి ఉంటే అడిగి చూడు.

నీ అక్క


కుట్టుకొట్టు, కోర్టు వీధి

అక్కా,

నోటిదురుసు వల్ల కోర్టుకెక్కినవాళ్ళను మా గుమ్మంలోంచి రోజూ చూస్తున్నాను. నోరు మూసుకుని కూర్చున్నందుకు కోర్టుకెక్కినదాన్ని ఇప్పుడే చూడటం. అదీ మా ఇంటి ఆడపడుచే!

ఎన్నిసార్లు చెప్పాను? మన మందిరం ఉంది, గంట ఉంది, అమ్మానాన్నలు పాడిన పాటలున్నాయి. హాయిగా వచ్చి నాలుగు పాటలు పాడుకుపోక, ఆ మూగగుంపులో నీకేం దొరికిందని పదేళ్ళ నుంచి అడుగుతున్నాను. చెప్పవు. చెప్పకపోవడమే మీ మతం కదా, ఎవర్ననుకుని ఏం లాభం.

సరే, పని సంగతి. పొడుగు వకీలమ్మ అని నా దగ్గర గౌన్లు కుట్టించుకునే ఆమె ఉంది. అందరికన్నా ఈమెకు జానెడు గుడ్డ ఎక్కువ పడుతుంది. కొలత తీయాలంటే స్టూలెక్కాలి. నీ గడ్డిమోపు కథంతా ఆమె భుజాలు కొలుస్తూ చెప్పాను. నవ్వి నవ్వి గుండుసూదులు గుచ్చుకున్నాయి ఆమెకు. ఆ తర్వాత ఒక్కసారి నవ్వాపేసి, "రుజువు చెయ్యాల్సింది వాళ్ళు. నోరు కదపని మనుషులు ప్రార్థనే చేస్తున్నారో, మర్నాటి దాణా గురించి ఆలోచిస్తున్నారో వాళ్ళకెలా తెలుస్తుంది? మీ అక్క ఏమీ చెప్పనక్కర్లేదు. చెప్పి తీరాలని చట్టంలో బలవంతం లేదు" అంది. వాయిదాకు తనే వస్తానంది. ఇంకేవో పెద్ద పెద్ద మాటలు కూడా చెప్పింది, అవి మనకు అక్కర్లేనివి.

కాబట్టి ఇన్నేళ్ళుగా చేస్తున్న పనే ఆ పూట కోర్టులో కూడా చెయ్యి. నోరు విప్పకు. కేసు దూదిపింజలా ఎగిరిపోతుంది.

తమ్ముడు


పాలకొట్టం నుంచి

తమ్ముడూ,

మీ వకీలమ్మ వచ్చింది. గుమ్మంలో తల వంచకపోతే నుదురు పగిలేదే. కొట్టమంతా తిరిగి చూసింది. కొలపాత్రలు, క్యాన్లు, ఆవులు మేసే గాడి, గడ్డి, అన్నీ. పాలిస్తే నిలబడే రెండు గ్లాసులు తాగింది. మనిషి నాకు నచ్చింది. నువ్వు కుట్టిన గౌను చేతులు పొట్టివయ్యాయి, చూసుకో.

మొదటి వాయిదాలో అధికారిని బోనెక్కించారు. నాకు గుర్తున్నంత వరకు రాస్తున్నాను.

"మీరు వెళ్ళేసరికి ఎవరైనా ప్రార్థన చదువుతున్నారా?" అంది వకీలమ్మ.

"లేదండి."

"పాడుతున్నారా?"

"లేదండి."

"బొమ్మ, దీపం, గ్రంథం, ఏమైనా ఉన్నాయా?"

"గడ్డిమోపులున్నాయండి."

"గడ్డికి మొక్కుతున్నారా?"

"లేదండి. దాని మీద నేను కూర్చున్నాను."

"మరి అది ప్రార్థనేనని మీకెలా తెలిసింది?"

ఆయన బుర్ర గోక్కున్నాడు. "మామూలుగా మనుషులు అంతసేపు ఊరికే ఉండరండి" అన్నాడు.

కోర్టంతా గొల్లుమంది. జడ్జీగారు మొహానికి కాగితం అడ్డం పెట్టుకున్నారు. తర్వాత లావాటి కానిస్టేబుల్ని పిలిచి ఏం చూశావంటే, "నిద్రపోయానండి" అన్నాడు. ఎందుకు నిద్రపోయావంటే, "చల్లగా ఉందండి, ఎవరూ ఏమీ అనడం లేదండి" అన్నాడు. పాపం, ఉన్నమాటే చెప్పాడు. అధికారి ఆయన వైపు చూసిన చూపుకి అక్కడ గడ్డి ఉంటే అంటుకునేది.

బయటికొచ్చాక అందరూ గెలిచేశామన్నారు. మన వకీలమ్మ బాగా వాదించింది, కాదనను. కానీ మా గురించి చెప్తూ, "వీళ్ళు పని అయ్యాక ఊరికే కూర్చున్న మనుషులు" అంది. గెలవడానికే అంది. వింటుంటే ఎలాగో అయింది. తాతకూ అలాగే ఉన్నట్టుంది. దారిలో, "ఎవరూ రుజువు చెయ్యలేకపోతే, అది లేనట్టేనా అమ్మాయీ?" అన్నాడు. అప్పటినుంచి పాలు కొలుస్తున్నా అదే మాట చెవిలో ఉంది. ఇద్దరి పాలు తప్పుగా కొలిచాను కూడా.

వచ్చే వాయిదాకు జడ్జీగారు నన్ను పిలిచి, ఏమైనా చెప్పుకుంటావా అని అడుగుతారట. అడిగితే ఊరుకోవడమేనా? నువ్వేమంటావు?

నీ అక్క


కుట్టుకొట్టు, కోర్టు వీధి

అక్కా,

ఊరుకోవడమే! ఇందులో అడగాల్సిందేముంది?

తాత మాట పట్టుకుని ఊగకు. కేసు ఓడితే ఆయన బుట్టలు ఆయనకుంటాయి. నీకు కొట్టం పోతుంది. బావ చేత్తో కట్టిన గోడలవి. నిన్నెవరూ అబద్ధమాడమనడం లేదు. "చెప్పుకునేదేమీ లేదండి" అని దిగిపో. అది అబద్ధమెలా అవుతుంది? నా కొట్టుకొచ్చే నల్లకోట్ల వాళ్ళందరూ చెప్పేది ఒకటే, గెలిచే కేసును నోటితో పాడుచేసుకునే వాళ్ళకు దేవుడు కూడా వకాల్తా పుచ్చుకోడని.

నీ మరదలూ ఇదే అంటోంది. మేమిద్దరం ఒక్కమాట మీద ఉండటం పెళ్ళయ్యాక ఇదే మొదలు. కనీసం దానికైనా విలువివ్వు.

నోటిదాకా వచ్చిన ముద్దను నేలపాలు చేసుకోకు అక్కా. నీ కాళ్ళు పట్టుకుంటాను.

తమ్ముడు


పాలకొట్టం వెలుపలి నుంచి

తమ్ముడూ,

చెప్పేశాను.

జడ్జీగారు మంచిగానే అడిగారు. "నువ్వేమైనా చెప్పుకుంటావా అమ్మా? చెప్పాలని బలవంతమేమీ లేదు" అన్నారు. వకీలమ్మ నా వైపు చూసింది. తల అడ్డంగా ఊపలేదు, నిలువుగానూ ఊపలేదు. నేను బోను కర్ర పట్టుకుని, "మేం ప్రార్థన చేస్తున్నామండి" అన్నాను.

"ఏమన్నావు?" అన్నారాయన.

"ప్రార్థనండి. వారం వారం చేస్తాం. ఆ రోజు అధికారిగారు అడిగినప్పుడు చెప్పలేదు, మధ్యలో మాట్లాడకూడదు కనుక. ఇప్పుడు మీరడిగారు కనుక చెప్తున్నాను."

"అనుమతి లేకుండానా?"

"అడిగామండి. ఇవ్వలేదు."

"ఇలా చెప్తే నీ కొట్టానికి సీలు పడుతుందని తెలుసా?"

"తెలుసండి."

అధికారి మొహం వెలిగిపోతుందనుకున్నాను. ఆయన తన బూట్ల వైపు చూసుకున్నాడు. జడ్జీగారు నేరం రుజువైందని తీర్పు రాశారు. రాసింది చదువుతూ, "ఈ రూలు సరైనదో కాదో చెప్పే అధికారం నాకు లేదు, పైకోర్టుకు ఉంది" అన్నమాట రెండుసార్లు చదివారు.

వరండాలోకి వచ్చాక వకీలమ్మ నా చెయ్యి పట్టుకుని, "అయితే రెండోదారే మీకు నచ్చిందన్నమాట" అంది. "రెండోదారేంటమ్మా?" అన్నాను. ఆమె తెల్లబోయింది. "మీ తమ్ముడు చెప్పలేదా? కొలతలు తీసిన రోజే చెప్పమన్నానే! ఈ కేసులోంచి తప్పించుకోవడం ఒక దారి. అసలు ఆ రూలే రాజ్యాంగానికి విరుద్ధమని పైకోర్టులో నిలదీయడం రెండోది. దానికి కొట్టం పణంగా పెట్టాలి, గెలుస్తామన్న నమ్మకమూ లేదు, అందుకే మీ ఇష్టం కనుక్కోమన్నాను" అంది.

అవి మనకు అక్కర్లేని పెద్ద మాటలన్నావు నువ్వు. మడత లోపలికి వేసి కుట్టే చెయ్యి కదా, కనపడకుండా దాచావు. నాకు కోపం లేదు. కొంచెం ఉంది. కొన్నాళ్ళు ఉంటుంది.

మూగగుంపులో నాకేం దొరికిందని పదేళ్ళుగా అడిగావు. మీ బావ పోయినప్పుడు అందరూ వచ్చారు. వచ్చినవాళ్ళందరూ మాట్లాడారు. తలరాత అన్నారు, మంచివాళ్ళను ముందే తీసుకెళ్తాడన్నారు, ఆవుల్ని అమ్మెయ్యమన్నారు. నా మంచి కోరే అన్నారు. మీరందరూ వెళ్ళిపోయాక తాత, నర్సమ్మ వచ్చారు. నేను పాలు పితుకుతుంటే కొట్టంలో గోనెపట్టా వేసుకుని కూర్చున్నారు. ఒక్క మాట అనలేదు. నా పని అయ్యేదాకా ఉండి వెళ్ళారు. మర్నాడూ వచ్చారు. ఆ మర్నాడూ వచ్చారు. అంతే. అక్కడ మొదలైంది నేను కూర్చోవడం. ఇప్పుడు కోర్టులో నిలబడి మేం ఊరికే కూర్చున్నామనిపించుకుని బయటపడితే, ఆ వచ్చిన ఇద్దరూ ఊరికే వచ్చినట్టే కదా.

సీలు వేసేశారు. పాలు వీధిలో టార్పాలిన్ కింద పోయించుకుంటున్నాను. ఆవులు నర్సమ్మ పెరట్లో ఉన్నాయి. రెండోదారే అని వకీలమ్మకు చెప్పాను. నువ్వు ఒప్పుకున్నా, ఒప్పుకోకపోయినా.

నీ అక్క


కుట్టుకొట్టు, కోర్టు వీధి

అక్కా,

ఈ ఉత్తరం ఆలస్యమైంది. మొదలుపెట్టడం, చించెయ్యడం. నీ మరదలు పొయ్యిలోకి కాగితాలు వెతికే పని తప్పిందంది.

దాచాను. నీ కొట్టం పోతుందని భయమేసి దాచాను. అంతకు మించి రాయడం చేతకాదు. బావ పోయినప్పుడు ఆవుల్ని అమ్మెయ్యమన్నది నేనేనని నువ్వు రాయలేదు. నాకు గుర్తుంది.

నీ కేసు పైకోర్టులో విచారణకొచ్చింది. కొట్టు మూసి వెళ్ళి వెనక బల్ల మీద కూర్చున్నాను. ముగ్గురు జడ్జీలు. ముగ్గురి గౌన్లూ వేరే దర్జీ కుట్టినవే, భుజాల దగ్గర ముడతలు పడ్డాయి. వకీలమ్మ లేచి రాజ్యాంగంలోది చదివింది. విన్నది విన్నట్టు రాసుకున్నాను: ప్రతి మనిషికీ తన మనస్సాక్షి చెప్పినట్టు నమ్మే స్వేచ్ఛ, ఆ నమ్మకాన్ని ఒంటరిగా గానీ నలుగురితో కలిసి గానీ ఆచరించే స్వేచ్ఛ ఉంటాయి, శాంతిభద్రతలకో, ఆరోగ్యానికో, ఇతరుల హక్కులకో నిజంగా హాని ఉంటే తప్ప ప్రభుత్వం అడ్డుపడరాదు.

ఇన్నేళ్ళు కోర్టు ఎదురుగా కూర్చుని ఆ మాట నేను వినలేదక్కా. మా మందిరంలో పాడుకోవడానికి కూడా ఆ మాటే కాపలా ఉందని నాకు తోచలేదు. పాట మనది, గంట మనది, ఇంకెవరో ఇవ్వడమేమిటి అనుకునేవాణ్ణి.

పట్టణసభ తరఫు వకీలుకు గౌను నేనే కుట్టాను. కేసు ఆయన చేతికొచ్చిందని తెలిసినరోజు కాలరు బిగించేద్దామని చెయ్యి దురదపెట్టింది. పని పనే అని ఊరుకున్నాను. గొంతు ఖంగుమంటూ వాదించాడు. మతమన్నాక ఒక బొమ్మో, గ్రంథమో, గురువో ఉండాలి, లేకపోతే నలుగురు చేరిన చోటల్లా మతమే అంటారు, శాంతిభద్రతలేం కావాలి, అన్నాడు. పెద్దజడ్జీగారు కళ్ళజోడు తీసి, "ఆ కొట్టంలో శాంతికి ఏం లోటొచ్చిందండీ?" అన్నారు. "ఇంతవరకైతే రాలేదండి." "మీ కానిస్టేబుల్ నిద్ర కూడా పోయాడట కదా?" ఆయన కాగితాలు సర్దుకున్నాడు.

బొమ్మ, గ్రంథం, గురువు అని ఆయన పదే పదే అంటుంటే నాకు అమ్మ గుర్తొచ్చింది. మందిరంలో అందరికన్నా గట్టిగా పాడేది కదా. ఇంటి దగ్గర పాలు పితికే ముందు ఆవు వెన్ను మీద చెయ్యి వేసి, కళ్ళు మూసుకుని కాసేపు ఆగేది. ఏంటే అమ్మా అంటే, "ఏం లేదు, పోరా" అనేది. అది ఏ గ్రంథంలో ఉంది? ఆయన లెక్కన అమ్మ అక్కడ ఊరికే నిలబడ్డట్టు.

తీర్పు తర్వాత చెప్తామన్నారు.

తమ్ముడు


టార్పాలిన్ కింద నుంచి,
వానల్లో

తమ్ముడూ,

అమ్మ అలా ఆగేదని నీకు గుర్తుందనుకోలేదు. నేనూ అలాగే ఆగుతాను. నీకెప్పుడూ చెప్పలేదు.

వానలు దంచుతున్నాయి. ఒకరోజు టార్పాలిన్ చిరిగి క్యానులో వాననీళ్ళు పడ్డాయి. ఆ పాలు పారబోశాను. పాలసంస్థ పైవాళ్ళు కేంద్రాన్ని ఇంకో వీధికి మారుస్తామని కబురు పెట్టారు. పాలు పోసేవాళ్ళకు తెలిసి, మారిస్తే మా పాలు మేమే తాగుతాం అన్నారట. వాళ్ళలో మావాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే. మిగతావాళ్ళంతా పెద్దమందిరం వాళ్ళూ, ఏ మందిరానికీ వెళ్ళనివాళ్ళూ. పెద్దమందిరం పెద్దాయన వచ్చి తన ఇంటి వసారా వాడుకోమన్నాడు. "మీ దేవుడేంటో నాకర్థం కాదమ్మా. పాలు విరిగిపోవడం మాత్రం అర్థమవుతుంది" అన్నాడు. ఇప్పుడు క్యాన్లు అక్కడే.

అందరం కలిసి కూర్చోవడం లేదు. ప్రతి వారం ఆ వేళకు ఎవరింట్లో వాళ్ళం కూర్చుంటున్నాం. అదేం బాగా లేదు. ఒక్కదాన్నే కూర్చుంటే పొయ్యి మీద పాలే గుర్తొస్తున్నాయి.

లావాటి కానిస్టేబుల్ నిన్న దారిలో ఆగి, అటూ ఇటూ చూసి, "అమ్మా, మళ్ళీ ఎప్పుడు తెరుస్తారు? ఆ రోజు పట్టినట్టు నాకెప్పుడూ నిద్రపట్టలేదు" అన్నాడు. మీ పైవాళ్ళనే అడగమన్నాను.

ఓడిపోతే ఏం చెయ్యాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను. ఆవుల్ని మాత్రం అమ్మను. నీకు ముందే చెప్తున్నాను.

నీ అక్క


కుట్టుకొట్టు, కోర్టు వీధి

అక్కా!

గెలిచాం! గెలిచాం! నువ్వు గెలిచావు!

తొందర తొందరగా రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే సర్దుకుని చదువుకో. ఇవాళ తీర్పని పొద్దున్న వకీలమ్మ కబురు పెడితే, సగం కుట్టిన చొక్కా మిషను కిందే వదిలి పరుగెత్తాను. నేను తిరిగొచ్చేదాకా సూది గుడ్డలో దిగినట్టే ఉంది పాపం.

పెద్దజడ్జీగారు నింపాదిగా చదివారు. ఎటు తేలుస్తారో చివరిదాకా అంతుపట్టనివ్వలేదు. ముందు పట్టణసభ వాదనంతా చదివారు, నా ప్రాణం పోయింది. ఆ తర్వాత ఇలా అన్నారు, నాకు నోటికొచ్చేసింది: "నమ్మకానికి బొమ్మ, గ్రంథం, గురువు ఉండాలని రాజ్యాంగం ఎక్కడా అనలేదు. ప్రార్థన ఎలా ఉండాలో చెప్పడం ప్రభుత్వం పని కాదు. ఒకరు పాడుకోవచ్చు, ఒకరు ఊరుకోవచ్చు, ఒకరు అసలు నమ్మకపోవచ్చు. రాజ్యాంగమే ఇచ్చినదాన్ని మళ్ళీ గుమాస్తా దగ్గర అడిగి తెచ్చుకోనక్కర్లేదు." రూలు మొత్తం కొట్టేశారక్కా! సవరించమనలేదు, కొట్టేశారు! నీ మీద పడ్డ శిక్ష రద్దు. సీలు వెంటనే తీసెయ్యాలి.

ఇంకొకటి. ఆఖర్న నీ గురించి చదివారు. "ఆ మహిళ కింది కోర్టులో నోరు విప్పకుండా ఉంటే విడుదలై ఇంటికి వెళ్ళిపోయేది. ఆమెకు ఏ నష్టమూ ఉండేది కాదు. ఈ రూలుకూ ఉండేది కాదు. ఆమె ఉన్నది ఉన్నట్టు చెప్పింది గనకనే ఈ ప్రశ్న మా ముందుకు వచ్చింది." నోరు విప్పొద్దని సలహా ఇచ్చిన మహానుభావుడు వెనక బల్ల మీద ఉన్నాడని ఆయనకు తెలియదు. బల్ల కిందికి దూరిపోవాలనిపించింది. ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది. చదవడం అయ్యీ కాకముందే లేచి, "శభాష్!" అని అరిచాను. నాది మందిరంలో పాడే గొంతు కదా, హాలంతా మోగింది. బంట్రోతు పరుగెత్తుకొచ్చి, "నిశ్శబ్దం! నిశ్శబ్దం!" అన్నాడు. "మేం గెలిచింది అదేనయ్యా!" అన్నాను. ముగ్గురు జడ్జీలూ నవ్వారు. బయటికి మాత్రం గెంటేశారు. గెంటేసినా సంతోషమే.

ఇదే రూలును చూసి రాసుకున్న ఊళ్ళు ఇంకా ఉన్నాయట. అక్కడా పోయినట్టే. అందులో ఒక ఊళ్ళో మన మందిరం వాళ్ళే ఓ అటక మీద దొంగచాటుగా, గొంతు తగ్గించుకుని పాడుకుంటున్నారట. ఈ వారం నుంచి కిటికీలు తీసి పాడతారు. వాళ్ళ పాట మీ మూగగుంపు పుణ్యం. ఈ మాట ఇవాళ సాయంత్రం మా మందిరంలో అందరి ముందూ లేచి చెప్పాను. కొందరు మూతులు ముడుచుకున్నారు. ముడుచుకోనీ.

వకీలమ్మ మెట్ల మీద నుంచి దిగుతుంటే జనం మీదపడి గౌను భుజం దగ్గర పర్రున చిరిగింది. కొత్తది కుడతాను. చేతులు పొడుగు పెడతాను, నువ్వు చెప్పావని.

తమ్ముడు


పాలకొట్టం లోపలి నుంచి

తమ్ముడూ,

సీలు తీశారు. ఈ ఉత్తరం గాడి పక్కన కూర్చుని రాస్తున్నాను. ఎర్రావు నా భుజం మీదుగా ఊపిరి వదులుతోంది, కాగితం మీద తడి దానిదే.

కోర్టు కాగితం అందాక లావాటి కానిస్టేబుల్ ఒక్కడే వచ్చి లక్కముద్ర గీకేశాడు. వానలకు తాళం తుప్పుపట్టి తిరగనంది. ఇటుకబట్టీ వాళ్ళు సుత్తి తెచ్చారు. "ఆగండాగండి, ప్రభుత్వ తాళం!" అని ఆయన చేతులడ్డం పెట్టి, దీపపు నూనె పోయించి, అరగదీసి అరగదీసి తీశాడు. తలుపు తెరుచుకోగానే వీధంతా ఈలలు. తాత కూడా ఈల వేశాడు. ఆయనకు ఈల వచ్చని మాకెవరికీ తెలియదు.

లోపల ఎలుకలు గోనెపట్టాలు కొరికేశాయి. ఒక మూల పైకప్పు కారి గోడ పాచిపట్టింది. అందరూ తలో చెయ్యీ వేశారు. పెద్దమందిరం పెద్దాయన కోడళ్ళు చీపుళ్ళు పట్టుకుని వచ్చి నేల కడిగారు. పంతులు సున్నం వేశాడు, గోడకన్నా ఆయన మీదే ఎక్కువ పడింది. మధ్యాహ్నానికి క్యాన్లు మళ్ళీ వాటి చోటికి వచ్చాయి. ఆ సాయంత్రం పాలు ఇక్కడే కొలిచాను.

పాలవ్యాను వెళ్ళాక కూర్చున్నాం. ఎప్పుడూ రానివాళ్ళు చాలామంది వచ్చారు. చూడ్డానికి వచ్చినవాళ్ళు చూశారు, కూర్చునేవాళ్ళు కూర్చున్నారు. గోనెపట్టాలు చాలక గడ్డిమోపులు పరిచాం. కానిస్టేబుల్ తన గోడ దగ్గరికి తనే వెళ్ళాడు.

కాసేపటికి గుమ్మంలో నీడ పడింది. పట్టణ అధికారి. చేతిలో కొట్టం రెండో తాళంచెవి. అప్పగించడానికి వచ్చినట్టున్నాడు. లోపల అంతమందిని చూసి, పాత అలవాటున, "ఏం చేస్తున్నారు?" అన్నాడు. ఈసారి మెల్లగా అన్నాడు. మేం మామూలుగానే ఎవరం పలకలేదు.

తాత కళ్ళు తెరిచాడు. "ప్రార్థన చేసుకుంటున్నాం బాబూ. రా, కూర్చో" అన్నాడు.

ఇన్నేళ్ళలో కూర్చుని ఉండగా తాత గొంతు వినడం నాకదే మొదలు. తర్వాత నర్సమ్మ, "కట్టుబాటు నువ్వే తప్పితే ఎలా తాతా?" అని దెప్పింది. "అడిగినవాడికి చెప్పకపోతే మళ్ళీ కోర్టుకెళ్తాడే. ఆ పొడుగు వకీలమ్మాయి చేత మళ్ళీ మళ్ళీ మన గుమ్మంలో తల వంచించడం ఎందుకు?" అన్నాడు.

అధికారి కూర్చున్నాడా అని అడుగుతావు. మోపులన్నీ నిండిపోయాయి. నేను ఖాళీ పాలక్యాను ఒకటి బోర్లించి ఆయన వైపు జరిపాను. తాళంచెవి నా చేతిలో పెట్టి, దాని మీద కూర్చున్నాడు. తాత చెయ్యి అందించేదాకా కదల్లేదు.

ఇంకో రెండు క్యాన్లు ఖాళీగా ఉన్నాయి. గౌన్ల పని తెమిలాక నువ్వూ, మరదలూ రండి. నీకు పాడాలనిపిస్తే పాడు. అమ్మ పాడేదే పాడు. మేం ఎలాగూ ఏమీ అనం కదా.

నీ అక్క